వెనక యాక్సిల్: బాగుచేద్దామా? మార్చేద్దామా?

మన పెద్దల తరంలో అంబాసిడర్ కారు వెనక సీట్లో కూర్చోనివాళ్లు అరుదు. పెళ్లిళ్లకీ, ఎలక్షన్లకీ, ఆస్పత్రికీ అదే బండి. అయితే ఆ వెనక సీటు కింద ఏముందో వంగి చూసినవాళ్లు ఎంతమంది? మెకానికల్ విద్యార్థినై ఉండీ నేనూ చూడలేదు, మా అక్క పెళ్లి కుదిరేదాకా.

మా తాతగారిది 1974 నాటి మార్క్ టు అంబాసిడర్. "అప్పగింతలయ్యాక నా మనవరాలు నా కారులోనే అత్తారింటికి వెళ్లాలి" అన్నారాయన. కారు చూస్తే, నలభై కిలోమీటర్ల వేగం దాటగానే వెనక సన్నాయి మొదలెడుతోంది. బ్రేకు నొక్కితే ఒక పక్కకి లాగుతోంది. పిలిపించిన మేస్త్రీ ఒక్క చక్కరు తిప్పి, "హౌసింగుతో సహా దించేసి, విజయవాడ ఆటోనగర్ నించి ఇంకోటి తెచ్చి బిగించేద్దాం, బాబూ! ఒక పూట పని" అన్నాడు. తాతయ్య ఊరుకోలేదు. "ఏమయ్యా మేస్త్రీ, లోపల ఏం పోయిందో చూడకుండానే మార్చేస్తానంటావేం?" అన్నారు.

ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

లోపల ఏముంది?

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డుమీద ఈడ్చుకుపోవాల్సిందే. ఆ చిక్కు తీర్చేది డిఫరెన్షియల్. ప్రొపెల్లర్ షాఫ్టు చివరనున్న చిన్న పినియన్, పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌తోపాటు తిరిగే పంజరంలోని స్టార్ గేర్లు ఆ శక్తిని రెండు యాక్సిల్ షాఫ్టులకీ పంచుతాయి. వీటన్నిటినీ మోసే ఇనుప తొడుగే హౌసింగు. దాన్ని కమాను కట్టలకు బిగిస్తారు.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టిన ఈ కారులో పినియన్, క్రౌన్ నడిమధ్యకి కాకుండా కాస్త కిందికి ఉంటుంది. దీన్నే హైపాయిడ్ అంటారు. అందువల్ల పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, జారుతాయి కూడా. ఆ రాపిడిని మామూలు నూనె తట్టుకోలేదు. అందుకోసమే చేసిన ఈ.పీ. రకం గేర్ ఆయిలు పోయాలి. "ఏదో ఒక ఆయిల్లే" అనుకున్నచోటే చాలా యాక్సిళ్ల ఆయుష్షు తీరిపోతుంది.

చప్పుడు చెప్పే సంగతులు

విప్పకముందు బండి నడిపి వినాలి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక రాగం, వదిలినప్పుడు ఇంకో రాగం వినిపిస్తే అనుమానం క్రౌన్, పినియన్‌ల మీదా, పినియన్ బేరింగుల మీదా. న్యూట్రల్‌లో వదిలినా మోత అలాగే ఉంటే చక్రాల బేరింగులూ, టైర్లూ చూడాలి. మలుపుల్లోనే గరగరమంటే స్టార్ గేర్లు గానీ, బరువు పడే వైపు చక్రం బేరింగు గానీ కావచ్చు. బండి కదలగానే "టక్"మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు చూడండి. క్రాసు అరిగిందని గమనించక మొత్తం యాక్సిలే మార్చి, చప్పుడు పోలేదని తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

తరవాత నూనె దించి చూడాలి. అడుగున బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే వయసు వల్ల వచ్చిన అరుగుదల. మెరిసే పెచ్చులో, పంటి ముక్కలో దొరికితే జబ్బు ముదిరినట్టే.

మార్చడమంటే ఏమిటి?

ఇక్కడే మనం పొరబడతాం. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు 'ఇంకో యాక్సిల్' అంటే చాలావరకు ఇంకో పాత కారులోంచి ఊడదీసిందే. మన యాక్సిల్ రోగం మనకి తెలుసు. వచ్చే యాక్సిల్ ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో, ఏ నూనెతో నడిచిందో అమ్మేవాడికీ తెలియదు.

రెండోది, నిష్పత్తి. క్రౌన్‌కి 39 పళ్లు, పినియన్‌కి 8 పళ్లు ఉన్నాయనుకోండి, నిష్పత్తి 4.875. అదే 41కి 9 అయితే సుమారు 4.56. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. మొదటిది తీసి రెండోది బిగిస్తే, అదే ఇంజను వేగానికి చక్రం ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది. లాగే శక్తి ఆ మేరకు తగ్గుతుంది. స్పీడోమీటరు కేబుల్ గేర్‌బాక్సు నుంచి వస్తుంది గనక, ముల్లు 60 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 64 మీద ఉంటుంది. కొనేముందు పినియన్ మీద సుద్దగీత పెట్టి, రెండు చక్రాలనూ కలిపి ఒక చుట్టు తిప్పి, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అదే నిష్పత్తి.

మరో మోడలు యాక్సిల్‌ని వెల్డింగు చేసి ఇరికించే ఆలోచన అసలు వద్దు. చక్రాల మధ్య దూరం, కమాన్ల కొలత, పినియన్ కోణం, హ్యాండ్‌బ్రేకు కేబుల్ అన్నీ తేడా వస్తాయి. పైగా 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకే వింటేజి రిజిస్ట్రేషను. మా కారుకి 2024లోనే యాభై నిండాయి.

బాగుచేయడంలో కష్టం

అలాగని పాతదాన్ని బాగుచేయడం తేలికేం కాదు. క్రౌన్, పినియన్‌లను కార్ఖానాలో జంటగా అరగదీసి ఇస్తారు. ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే. పినియన్ ఎంత లోపలికి ఉండాలో సన్నని షిమ్ములతో సరిచేయాలి. పళ్ల మధ్య వదులు మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల లెక్క. డయల్ గేజి లేకుండా, "చేతికి తెలుస్తుందిలే" అనేవారికి ఈ పని ఇవ్వకండి. చివర పళ్లకి రంగు పూసి తిప్పితే, ఒరిపిడి గుర్తు పంటి నడుమ పడాలి. అంచున పడితే మళ్లీ మొదటికి.

ఇక తీర్పు ఇలా చెప్పుకోవచ్చు. బేరింగులు, సీళ్లు, వాషర్లు పోతే బాగుచేయాలి. క్రౌన్, పినియన్‌ల పళ్లు విరిగితే, నమ్మదగిన జత దొరికితే జత మార్చాలి. దొరక్కపోతే, ఈ కారు హౌసింగుకి డిఫరెన్షియల్ ముందునుంచి బోల్టులు విప్పితే విడిగా వచ్చేస్తుంది గనక, అదే నిష్పత్తి ఉన్న మధ్యభాగం మాత్రం తెచ్చుకోవచ్చు. హౌసింగే వంగినా, పగిలినా మొత్తం మార్చక తప్పదు. వంగిందో లేదో తెలుసుకోవడానికి వెనక టైర్ల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తున ముందువైపోసారి, వెనకవైపోసారి కొలవండి. హౌసింగు తిన్నగా ఉంటే రెండు కొలతలూ సమానం.

మా కారులో ఏం తేలింది?

మేస్త్రీ మొదట విసుక్కున్నా, విప్పడం మొదలెట్టాక నాకంటే ఆయనకే ఉత్సాహం వచ్చింది. హౌసింగు తిన్నగా ఉంది. క్రౌన్ పళ్లు నున్నగా ఉన్నాయి. పినియన్ బేరింగు మాత్రం మశూచి మొహంలా గుంటలు పడింది. అసలు దోషి హౌసింగు మీదున్న చిటికెనవేలంత బ్రీదరు. అది మట్టితో పూడుకుపోయింది. వేడెక్కిన లోపలి గాలికి దారి లేక, నూనెని ఎడమ చక్రం సీలు దాటించి బ్రేకు డ్రమ్ములోకి తోసింది. నూనె తగ్గి బేరింగు పోయింది, బ్రేకు షూలు తడిసి బండి పక్కకి లాగింది. మేస్త్రీ చెప్పిన ఇంకో యాక్సిల్ బిగించినా, దాని బ్రీదరు ఎవరు చూసేవారు? అక్కని కూర్చోబెట్టి పంపేది ఆ బ్రేకులమీదే కదా!

బేరింగులూ సీళ్లూ మార్చాం. నూనె తాగిన లైనింగులు పెట్రోలుతో కడిగినా నమ్మదగినవి కావు గనక కొత్తవి వేశాం. అరిగిన పళ్లు పాత చోటే కలవాలి కాబట్టి పినియన్ లోతు పాత కొలతకే ఉంచాం. ఒక పూట పని ఆరు రోజులు పట్టింది.

పెళ్లినాడు కారు తిన్నగా వెళ్లింది, తిన్నగా ఆగింది. సన్నాయి పూర్తిగా పోలేదు. అరవై దాటితే సన్నగా వినిపిస్తూనే ఉంది. "పెళ్లికారుకి ఆమాత్రం మేళం ఉండాలిలే" అన్నారు తాతయ్య.

మిత్రులారా, పరీక్షలో డిఫరెన్షియల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనమంతా. ఆ బొమ్మలో బ్రీదరు గీసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నేను మాత్రం గీయలేదు.