ఒక్కనాటితో తీరని తోటలు

ఇంగ్లండు దేశమునకు పోయివచ్చిన మనవారిని అచ్చట చూచిన వింత లెవ్వియని అడిగినచో లండను వంతెనలను, రాజప్రాసాదములను, అంగళ్ళను వర్ణింతురు. పల్లెపట్టులందలి పాత తోటలను పేర్కొనువారు అరుదు. పేర్కొన్నవారును జూన్ మాసమున ఒక మధ్యాహ్నము పోయి గులాబీలు చూచి వచ్చితిమందురు. ఇది పెండ్లి భోజనమున ఒక్క లడ్డూ తిని లేచివచ్చుట వంటిది. ఆ తోటలు ఏ ఒక్క దినము కొరకును నాటినవి కావు. ఒక భాగము మేల్కొనుచుండ వేరొక భాగము నిద్రించునట్లు ఏడాది పొడుగునకు ఏర్పరచినవి. నాలుగు ఋతువులందును నాలుగు మారులు పోయినగాని వాని తీరు తెలియదు.

నేడు కుమార్తెకు పురుడు పోయుటకును, మనుమలను సాకుటకును మన తెలుగు తల్లులు అనేకులు ఆ దేశమునకు పోవుచున్నారు. సందర్శకులకు ఇచ్చు అనుమతి సాధారణముగా ఆరు మాసములకు. పగలెల్ల పిల్లలు కొలువులకు పోగా కిటికీ ప్రక్క కూర్చుండి తెలియని వీధిని చూచుచు ప్రొద్దుపుచ్చుట ఎంత కష్టమో అనుభవించినవారికే యెరుక. ఆరు మాసములనగా రెండు ఋతువులు నిండుగా చేతికందినవి. ముఖ్యముగా అట్టివారి నుద్దేశించియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ తోటల మర్మము తెలియవలెనన్న ముందుగా గెర్‌ట్రూడ్ జీకిల్ అను నామెను గూర్చి తెలిసికొనవలెను. ఆమె 1843లో జన్మించి 1932లో గతించినది. యౌవనమున చిత్రలేఖనము నభ్యసించినది. కుట్టుపూల పనియందును, వెండి పనియందును చేయి తిరిగినది. కాని చిన్ననాటినుండియు ఆమెకు చూపు మందము. 1891లో, ఏబది యేండ్లు నిండకమునుపే, సన్నని పనులు మానవలసినదని నేత్రవైద్యుడు చెప్పెను. సూదిని, కుంచెను విడువవలసివచ్చిన ఆ చేతులు తోటపనినే ప్రధానముగా పట్టినవి. పూవులను దవ్వునుండి ఒక్కొక్కటిగా గుర్తింపజాలని కన్నులకు రంగులు రాశులుగా కన్పట్టెను కాబోలు. ఆమె తోటలలో పూవులు చిత్రపటమున పూసిన రంగులవలె ఒకదానిలో నొకటి కరగిపోవుచుండును.

సర్రే సీమయందు మన్‌స్టెడ్ ఉడ్ అనునది ఆమె స్వగృహము. దానిని కట్టినవాడు ఎడ్విన్ లుట్యెన్స్. మన క్రొత్త ఢిల్లీలో నేడు రాష్ట్రపతి భవనమని పిలువబడు సౌధమునకు రూపమిచ్చినవాడు ఆయనయే. ఆ యింటి తోటలో 200 అడుగుల పొడవును, 14 అడుగుల వెడల్పును గల పూలబారు ఒకటి జీకిల్ నాటినది. రెండు కొనలయందును నీలము, బూడిదవన్నె, తెలుపు మొదలగు చల్లని రంగులు. లోనికి పోనుపోను పసుపు, నారింజ. నట్టనడుమ మండుచున్న ఎరుపు. ఆ ఎరుపును చూచిచూచి అలసిన కన్ను మరల నీలమున విశ్రమించును. చీరకు అంచును కొంగును పొదిగించుకొను స్త్రీలకు ఈ కిటుకు వివరింప నక్కరలేదు.

అయినను ఆ బారు జూలై నడుమనుండి అక్టోబరు వరకే. ఒకే నేలను సంవత్సరమంతయు నిండు సింగారముతో నిలుపబూనుట వెఱ్ఱియని ఆమె మతము. కావున వసంతమున కొక మడి, జూన్ మాసమున కొకటి, శరత్తునందు విరియు చేమంతిజాతి పూవుల కింకొకటి వేర్వేరుగా ఏర్పరచినది. ఒక చోట పూత ముగిసిన పిమ్మట ఆ ఖాళీని కప్పు ఉపాయమును గూడ ఆమె యెరుగును. నీలపు డెల్ఫినియములు పూచి యుడిగిన తరువాత వాని వెనుక నాటిన తెల్ల బఠాణీ తీగను వాని మీదికి వంచి కట్టును. అది వాడిన వెనుక క్లెమాటిస్ అను తీగను దాని మీదికి లాగును. పూలజడలో వాడిన మొగ్గ కనబడకుండ క్రొత్తమొగ్గను గ్రుచ్చినట్లు! 1908లో ప్రకటించిన రంగుల తోటపని గ్రంథమున ఇవియన్నియు దాచక చెప్పినది. ఆమె మరణానంతరము చిరకాలము ఇతరుల సొత్తైన మన్‌స్టెడ్ ఉడ్‌ను నేషనల్ ట్రస్టు అను ధర్మసంస్థ 2023లో కొన్నది.

ఇక కెంట్ సీమలోని సిసింగ్‌హర్స్ట్. ఈ తోటను చూచుటకు ముందు దాని పుట్టుకకు వెనుకనున్న దుఃఖమును వినవలెను. వీటా శాక్‌విల్-వెస్ట్ అను రచయిత్రి 1892లో నోల్ అను మహాసౌధమున తల్లిదండ్రులకు ఏకైక సంతానముగా జన్మించినది. ఆ యింటి ప్రతి గదియు, ప్రతి మెట్టును ఆమెకు ప్రాణము. 1928లో తండ్రి గతించెను. ఆడుబిడ్డ యగుటచే ఇల్లు ఆమెకు రాక పినతండ్రికి పోయినది. ఈ బాధ మనకు క్రొత్తది కాదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును పుట్టుకతో సమాన భాగము గలదని మన దేశమంతటికిని శాసనమైనది 2005లో మాత్రమే.

రెండేండ్లకు, 1930లో, ఆమెయు భర్త హెరల్డ్ నికొల్సనును సిసింగ్‌హర్స్ట్ శిథిలములను కొనిరి. ఎలిజబెత్ రాణి నాటి గోపురమొకటి, విరిగిన గోడలు కొన్ని, చుట్టును చెత్త. ఆ చెత్త ఎత్తిపోయుటకే ఏండ్లు పట్టినది. గీతలు గీచి బాటలు తీర్చినవాడు భర్త. ఆ గీతల నడుమ పూవులు పొర్లిపోవునట్లు నింపినది భార్య. గోడల చాటున ఒక్కొక్క తోట ఒక్కొక్క గదివలె నుండును. ఏప్రిల్ మాసమున పోయినచో నిమ్మబాటయని మనవారు పొరబడు లైమ్ వాక్ చూడదగును. అవి నిమ్మచెట్లు కావు, లిండెన్ వృక్షములు. వాని క్రింద దుంపజాతి పూవులు నేలకు రత్నకంబళి పరచినట్లుండును. జూన్, జూలై మాసములందు 1950 ప్రాంతమున నాటిన శ్వేతవనము. అందు తెల్లని పూవులును, వెండివన్నె ఆకులును తప్ప వేరొండు లేదు. అచ్చట జూన్‌లో ప్రొద్దు తొమ్మిది దాటినగాని క్రుంకదు. రంగుపూవు లన్నియు చీకటిలో మునిగిన తరువాతను తెల్లనివి వెలుగుచుండును. మల్లెలు విరియు సందెవేళ నెరిగిన మనకు ఈ వనము పరాయిది కాదు.

చారిత్రకమైన తోటయనగా మార్పులేనిదని తలపరాదు. ఇచ్చటి హేజెల్ చెట్ల క్రింద వీటా కాలమున రంగురంగుల ప్రిమ్రోజు జాతి పూవులు తివాసివలె పరచియుండెడివి. ఏటేట అదే నేల అదే మొక్కకు తావీయగా నేల చెడి, 1970 తరువాతి దశకమున అవి బ్రదుకుట మానెను. ఒకే పైరు వేసి చేనును అలయించినవారికి ఈ సంగతి తెలిసినదే. 1959నుండి 1990వరకు ఈ తోటకు పెద్దలుగా నున్నవారు పమేలా ష్వెర్ట్, సిబిల్ క్రాయిట్స్‌బెర్గర్ అను ఇరువురు స్త్రీలు. వీటా 1962లో మరణించినది. 1967లో తోట నేషనల్ ట్రస్టునకు చేరినది. ఆమె మెచ్చిన పూవును పట్టుకొని వ్రేలాడుటకంటె ఆమె మెచ్చు చందమును నిలుపుటయే మేలని నాకు తోచును.

1938లో సిసింగ్‌హర్స్ట్ తలుపులు జనులకు తెరచిరి. ప్రవేశము ఒక షిల్లింగు. వచ్చువారిని వీటా ముద్దుగా షిల్లింగులని పిలిచెడిది. ఆ షిల్లింగు ఆచారమునకును ఒక కథ గలదు. 1859లో లివర్‌పూలు వర్తకుడు విలియము రాత్‌బోన్ మరణశయ్యపైనున్న తన భార్యకు పరిచర్య చేసిన నర్సును, పేదల యిండ్లకు పోయి రోగులను చూచుటకై నియమించెను. అట్లు పుట్టినది ఇల్లిల్లు తిరుగు నర్సుల వ్యవస్థ. వారి జీతములకును, వృద్ధాప్యమునకును ధనము కావలసివచ్చినపుడు, ఎల్సీ వాగ్ అను నామె అందమైన తోటలుగలవారు ఒకదినము తలుపు తెరచి తలకొక షిల్లింగు పుచ్చుకొనరాదాయని సూచించినది. 1927లో 609 తోటలు తెరువబడి 8,191 పౌనులు చేరినవి. ఇరువది షిల్లింగు లొక పౌను. ఎందరి పాదములు ఆ తోటలు త్రొక్కెనో లెక్కించుకొనుడు. నేటికిని నేషనల్ గార్డెన్స్ స్కీము పేర ఆ పని నడచుచున్నది. ఇంగ్లండు, వేల్సులలో మూడువేలకు పైబడిన తోటలు ఇందున్నవి. పెద్ద మేడల తోటలేకాక మూడు సెంట్ల పెరడులును గలవు. పసుపుపచ్చని అట్టగల వారి పుస్తకములో ఏ తోట ఏ దినమున తెరచియుండునో చూచుకొనవచ్చును. పలుచోట్ల ఇంటివారు చేసిన రొట్టెలును తేనీరును అమ్ముదురు. భాష రాదని సంకోచింప పనిలేదు. పూవును చూపి పేరడిగినచో ఆ యింటి పెద్దమ్మ గంటసేపు చెప్పును.

అక్టోబరులో విల్ట్‌షైరు సీమలోని స్టౌర్‌హెడ్ చూడవలెను. 1740 తరువాత హెన్రీ హోర్ అను ధనిక బ్యాంకరు ఏటికి కట్టవేసి సరస్సు నిలిపి, ఒడ్డున గుళ్ళవంటి మంటపములు కట్టించెను. తరువాతి తరములవారు మేపిల్ చెట్లను, హిమాలయములనుండి వచ్చిన జాతుల రోడోడెండ్రనులను చేర్చిరి. పగళ్ళు కురుచయై రాత్రులు చలి ముదిరినపుడు ఆకులలోని పచ్చదనము విరిగి, దాని చాటుననున్న పసుపు బయటపడును. కొన్నిటియందు ఎరుపు క్రొత్తగా పుట్టును. ఆ మంటలన్నియు నీటిలో తలక్రిందుగా కన్పించును. ఈ తోటకు వారసుడు కావలసిన ఏకైక పుత్రుడు మొదటి మహాయుద్ధమున పాలస్తీనాలో గాయపడి 1917లో అలెగ్జాండ్రియాలో మరణించెను. ముసలి తలిదండ్రులు 1946లో సమస్తమును నేషనల్ ట్రస్టున కొసగిరి. మరుసటి సంవత్సరము మార్చి మాసమున భార్యాభర్త లిరువురును ఒకే దినమున కన్నుమూసిరి.

శీతకాలమున ఏమున్నదని అందురు. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడును, నిజమే. కాని ఫిబ్రవరిలో గ్లాస్టర్‌షైరు సీమలోని పెయిన్స్‌విక్ తోటకు పోయిచూడుడు. మంచుబొట్టు అను అర్థము వచ్చు స్నోడ్రాపు పూవులు వాలుగట్టులనిండ విరియును. జానెడు ఎత్తు, వంగిన తల, చీమ అడుగంత ఆకుపచ్చ చుక్క. పదునెనిమిదవ శతాబ్దపు ఈ తోట అడవి క్రమ్మి మాయమైపోయినది. 1748లో థామస్ రాబిన్స్ వ్రాసిన చిత్రపటము మాత్రము మిగిలియుండెను. 1984నుండి ఆ పటమును ముందుంచుకొని బాటలను, మంటపములను తిరిగి నిలిపిరి. పూవు చిన్నదగుటచే చూచువారు వంగవలెను, నేల తడి. కుచ్చిళ్ళు ఒక బెత్తెడు పైకి దోపి, కూతురి రబ్బరు బూట్లు తొడిగికొని పోవుట మంచిది.