పసిపిల్లల పక్కకు పన్నెంత? చెప్పగలిగితే కొలువే!

బారసాలకు వెళ్లండి. వచ్చినవాళ్లలో ఒక్కరైనా ఆ కానుక తెస్తారు. గొడుగులా మడిచే దోమతెర, అడుగున మెత్తటి చిన్న పరుపు, పక్కన బుల్లి దిండు. రాజమహేంద్రవరం తాడితోటలోనో, కాకినాడ మెయిన్ రోడ్డులోనో 'బేబీ బెడ్' అని అడిగితే చాలు, తీసి ఇచ్చేస్తారు. అదే సరుకు విదేశం నుంచి కంటెయినర్‌లో విశాఖ రేవుకు దిగితే మాత్రం 'బేబీ బెడ్' అంటే కుదరదు. అది పరుపా, దోమతెరా, బట్టా, బొమ్మా? తేల్చి, ఎనిమిది అంకెల కోడ్ రాయాలి. ఆ కోడ్‌ను బట్టే సుంకం. ఆ కోడ్ రాయడం తెలిసినవాళ్లకు ఉద్యోగాలున్నాయన్న సంగతి మన జిల్లాల్లో డిగ్రీ పిల్లలకు పెద్దగా తెలియదు. బీకాం అంటే బ్యాంకు, లేకపోతే ట్యాలీ అనుకుని ఆగిపోతున్నారు.

అంకెల వెనుక కథ

ప్రపంచంలో సరుకులన్నిటికీ ఒకే లెక్క ఉండాలని బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిందే హార్మొనైజ్డ్ సిస్టమ్. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు దేశాలన్నిటికీ ఒకటే. మన దేశం ఇంకో రెండు చేర్చుకుంది. కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1975లోని మొదటి షెడ్యూలు తెరిస్తే ఇవన్నీ కనిపిస్తాయి. అధ్యాయాలు 98 వరకు ఉంటాయి గానీ 77వది ఖాళీ. ముందుముందు అవసరం పడొచ్చని అలా వదిలేశారు. ఇంటర్వ్యూలో అడిగితే చెప్పండి, బోర్డు మెంబరు నవ్వుతారు.

ఇప్పుడు మన పసివాడి పక్క దగ్గరికి వద్దాం. దుప్పటి, దిండు గలీబు 6302లోకి వెళ్తాయి. రగ్గు అయితే 6301. దోమతెర ఒక్కటే వస్తే 6304. లోపల ఏదైనా కూరి కుట్టిన పరుపు, దిండు, క్విల్టు 9404. ఏం కూరారన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు, టారిఫ్‌లో 'ఏ పదార్థమైనా' అనే ఉంది. అమ్మమ్మలు తల గుండ్రంగా రావాలని కుట్టించే ఆవాల దిండు కూడా దిండే. కానీ గాలి ఊది వాడే దిండు మాత్రం 94వ అధ్యాయంలోకి రాదు. అధ్యాయం మొదట్లో ఉన్న నోటే దాన్ని బయటకు నెట్టేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. హెడింగ్ చదువుతారు, నోట్ చదవరు.

స్లీపింగ్ బ్యాగు చూడండి. మామూలుగా అయితే 9404 30. కానీ ఈమధ్య పసిపిల్లలకు తొడిగే రకం వస్తోంది. భుజాల దగ్గర గుండీలు, చేతులు దూర్చడానికి సందులు ఉంటాయి. ఇది పక్కబట్టా, తొడుక్కునే బట్టా? బట్టే అనుకుంటే అల్లికది 6111కీ, నేతది 6209కీ వెళ్లాలి. అక్కడ మళ్లీ ఇంకో కొలత: శరీరం ఎత్తు 86 సెంటీమీటర్లు దాటని పిల్లలకు ఉద్దేశించినవే 'బేబీ' దుస్తులు. అంటే కోడ్ రాసేవాడి దగ్గర టేపు కూడా ఉండాలన్నమాట!

దోమతెర పరుపు ముడి

మరి బారసాల కానుక సంగతి? పరుపు 9404, తెర 6304. రెండూ కలిపి కుట్టేశారు. ఇలాంటి చిక్కుముడులు విప్పడానికే ఆరు వ్యాఖ్యాన నియమాలున్నాయి. మూడో నియమంలోని రెండో భాగం ఏమంటుందంటే, ఆ వస్తువుకు అసలు స్వభావం ఏ భాగం వల్ల వస్తోందో చూసి, ఆ భాగం కోడే మొత్తానికి రాయమంటుంది. బిడ్డ పడుకునేది పరుపు మీద కాబట్టి పరుపే ముఖ్యం అంటారు ఒకరు. పరుపు పల్చటి గుడ్డలాంటిది, జనం కొనేది తెర కోసమే అంటారు ఇంకొకరు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. సరుకు విప్పి, పరుపు మందం, బరువు, విలువ చూస్తే గానీ తేలదు. అప్పటికీ తేలకపోతే మూడో భాగం ఉంది: పోటీ పడే హెడింగుల్లో అంకెల వరుసలో చివరిది తీసుకో. అప్పుడు 9404.

తప్పు రాస్తే?

ఎలుగుబంటి ఆకారంలో ఉన్న మెత్తటి దిండు తీసుకోండి. దిండంటే 9404, బొమ్మంటే 9503. బొమ్మల మీద మూల కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. అప్పుడు 9404 మీద ఉన్నది 25 శాతం. పది లక్షల సరుకుకు ఒక కోడ్ ప్రకారం రెండున్నర లక్షలు, ఇంకో కోడ్ ప్రకారం ఏడు లక్షలు. తేడా నాలుగున్నర లక్షలు! పైగా బొమ్మ అయితే 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ గుర్తు తప్పనిసరి. అది లేకపోతే సరుకు రేవులోనే ఉండిపోతుంది, రోజులు గడిచేకొద్దీ అద్దె పెరుగుతుంది. (2025 బడ్జెట్లో సుంకాల శ్లాబులు మార్చారు. కాబట్టి ఏ రేటైనా ఆ రోజు నోటిఫికేషన్ చూశాకే చెప్పాలి. పాత పుస్తకం నమ్ముకోవద్దు.)

మన దేశంలో 2011 నుంచి స్వీయ మదింపే. దిగుమతిదారే కోడ్ రాసి సుంకం లెక్క కడతాడు. తక్కువ కట్టినట్టు తర్వాత తేలితే మామూలుగా రెండేళ్ల వెనక్కి, కావాలని దాచినట్టయితే అయిదేళ్ల వెనక్కి వెళ్లి నోటీసు ఇస్తారు. దాచిన కేసులో సుంకమంత జరిమానా కూడా పడొచ్చు. చిన్న వ్యాపారి అయితే కొట్టు మూసుకోవాల్సిందే. ఆ కోడ్ రాసిచ్చిన బ్రోకరు కూడా జవాబు చెప్పుకోవాలి.

ఎలా ప్రవేశించాలి?

దారులు రెండు. మొదటిది సర్కారు కొలువు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ రాస్తే కస్టమ్స్‌లో ఎగ్జామినర్, ప్రివెంటివ్ ఆఫీసర్ పోస్టులుంటాయి. పే లెవెల్ 7, మూలవేతనం 44,900తో మొదలు. దీని గురించి మీకు కోచింగ్ సెంటర్లు చాలానే చెబుతాయి.

రెండోదాని గురించి ఎవరూ చెప్పరు. విశాఖ, కాకినాడ, చెన్నైలలో కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసులుంటాయి. అక్కడ డాక్యుమెంట్లు చూసే చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టవచ్చు. జీతం మొదట్లో తక్కువే, ఆశ పెట్టుకోకండి. తర్వాత జి-కార్డు పరీక్ష పాసవ్వాలి. డిగ్రీ ఉండి, జి-కార్డుతో రెండేళ్లు పనిచేస్తే సొంత లైసెన్సు పరీక్షకు అర్హత వస్తుంది. ఎంబీఏ, సీఏ, ఎల్ఎల్‌బీ లాంటి చదువులున్నా సరిపోతుంది. పరీక్ష నిర్వహించేది నాసిన్. శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించిన క్యాంపస్ దానిదే. రాతపరీక్ష, ఆ తర్వాత మౌఖికం. రెండింటిలోనూ వర్గీకరణ మీద పట్టు లేనివాళ్లు గట్టెక్కరు.

వేలకు వేలు కట్టి సర్టిఫికెట్ కోర్సులో చేరేముందు ఒక పని చేయండి. సీబీఐసీ వెబ్‌సైట్‌లో టారిఫ్ మొత్తం ఉచితంగా ఉంది. అమెరికా కస్టమ్స్ వాళ్ల పాత రూలింగులూ ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. 'బేబీ పిల్లో' అని కొట్టి ఒక నాలుగు చదవండి. అవి మన అధికారులకు శాసనం కాదు గానీ, వాదన ఎలా కట్టాలో తెలుస్తుంది.

దిగుమతులే కాదు, ఎగుమతికీ కోడ్ కావాలి. మన దగ్గర సరుకుకు కొదవేముంది? నరసాపురం క్రోషే లేసు బెడ్‌స్ప్రెడ్ 6304 11లోకి వెళ్తుంది. కోనసీమ కొబ్బరి పీచుతో చేసే రబ్బరైజ్డ్ కాయిర్ పరుపు 9404. మరి పాత చీరలు నాలుగు మడతలు వేసి, దూది పెట్టకుండా నాయనమ్మ కుట్టిన బొంత? దాన్ని 9404లో పెట్టాలా, 63వ అధ్యాయంలో పెట్టాలా? ఈ ఆదివారం టారిఫ్ ముందు పెట్టుకుని మీరే తేల్చండి. నోట్స్ చదవడం మాత్రం మరిచిపోవద్దు.