తీసివేసిన జీర్ణాశయపు ముక్క ఎక్కడికి వెళుతుంది?

"ఎలాగూ పారేసే ముక్కే కదా సిస్టర్ గారూ, దానికి మళ్ళీ పరీక్ష ఫీజు ఎందుకు?" బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారి బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఇది.

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు 75 నుండి 80 శాతం తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. తీసిన భాగాన్ని 10 శాతం ఫార్మలిన్‌లో వేసి ల్యాబ్‌కు పంపుతాము. ముక్కకు పదింతల ద్రవం ఉండాలి. పొడవునా స్టేపుల్స్‌తో మూసుకున్న సంచి కనుక లోపలి పొరకు ఫార్మలిన్ త్వరగా అందదు. ఆలస్యమైతే ఆ పొర చెడిపోయి, చూడడానికి ఏమీ మిగలదు. పేరు, ఐ.పి. నంబరు డబ్బా మీదే అంటించాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. ఈ మాట కొత్త నర్సులకు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు.

పెథాలజిస్టు సంచిని తెరిచి కడిగి, కొలిచి, గడ్డలేమైనా ఉన్నాయేమో వేళ్ళతో తడిమి చూస్తారు. తరువాత చిన్న ముక్కలు తీసి మైనంలో పొదిగి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. అందుకే రిపోర్టు కొన్ని రోజులకు గాని రాదు.

ఎక్కువమందిలో అంతా మామూలుగానో, కొద్దిపాటి వాపుతోనో ఉంటుంది. కొందరిలో హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా కనిపిస్తుంది. అల్సర్లకు, కొన్నేళ్ళ తరువాత కొందరిలో క్యాన్సర్‌కు కూడా ఇది కారణమవుతుంది. దీన్ని కనుగొన్నందుకు ఆస్ట్రేలియాకు చెందిన వారెన్, మార్షల్ గార్లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. వారిలో వారెన్ గారు పెథాలజిస్టే. మైక్రోస్కోపులో మొదట చూసింది ఆయనే. లోపల మిగిలిన గొట్టంలోనూ ఆ బాక్టీరియా ఉండవచ్చు కనుక డాక్టరుగారు రాసిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడాలి. కడుపులో మంట లేదని మధ్యలో మానకూడదు.

అరుదుగా జిస్ట్ అనే చిన్న గడ్డ బయటపడుతుంది. అది పూర్తిగా తీసివేసిన భాగంలోనే ఉండి, చిన్నదైతే చాలావరకు ఆ ఆపరేషనే చికిత్స. ఆ తరువాత ఎలా చూపించుకోవాలో డాక్టరుగారే చెబుతారు.

ముందు చేసిన ఎండోస్కోపీ బాగుంటే అందరికీ ఈ పరీక్ష అవసరమా అనే డాక్టర్లూ ఉన్నారు. మా మట్టుకు మేము చేయించడమే మంచిదంటాము.

మా బాధ వేరే ఉంది. రోగి నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్ళిపోతారు, రిపోర్టు ఆ తరువాత వస్తుంది. కుట్లు మానాయి, బరువు తగ్గుతోంది, ఇక దాని ఊసే ఉండదు. ఫోను చేస్తే నంబరు మారిపోయి ఉంటుంది. అలా ఆగిపోయిన రిపోర్టుల్లో బాక్టీరియా ఉన్నట్టు రాసినవీ ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరిగి, బయాప్సీ కాగితం చేతికి రాకపోతే, డిశ్చార్జి కార్డు పట్టుకుని ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళి అడగండి.