తుడిచే ముందు కొలిచి చూడాలి: ల్యాప్‌టాప్ డిస్కు పదే పదే నిండిపోతుంటే

అర్ధవార్షిక పరీక్షల ప్రశ్నపత్రాన్ని సిద్ధం చేసి భద్రపరచబోయే వేళ, డిస్కులో చోటు లేదన్న హెచ్చరిక తెరమీద కనబడితే కలిగే ఆందోళన ఇంతా అంతా కాదు. ఆ తొందరలో చేతికందిన ఫైళ్లను తుడిచివేయడం, రెండు వారాలు తిరగకముందే మళ్లీ అదే హెచ్చరిక రావడం, మళ్లీ తుడిచివేయడం చాలామందికి అనుభవమే. ఈ వరుసలో ఒకనాడు పోకూడనిది కాస్తా పోతుంది. చోటును ఆక్రమించినది ఏదో ముందుగా కొలిచి తెలుసుకొని, ఆ తరువాతనే తొలగింపునకు పూనుకోవడం క్షేమకరం. విండోస్ 11 గల ల్యాప్‌టాప్‌లను దృష్టిలో ఉంచుకొని ఆ క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కొన్నది 128, కనబడేది 119

డిస్కు తయారీదారులు ఒక గిగాబైటును సరిగ్గా 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు హెచ్చవేయగా వచ్చే 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక గిగాబైటుగా చూపుతుంది. అందుచేత 128 గిగాబైట్ల డిస్కు 119గాను, 256 గిగాబైట్లది 238గాను కనబడుతుంది. దుకాణదారు మోసగించాడని అనుకోనక్కరలేదు. ఇది కేవలం కొలమానంలోని తేడా.

విండోస్ 11 నడవడానికి కనీసం 64 గిగాబైట్ల డిస్కు ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం. నవీకరణల కోసం విండోస్ సుమారు 7 గిగాబైట్లను తనకై ప్రత్యేకించుకొనడం కూడా ఉన్నది. కాబట్టి 64 గిగాబైట్ల ల్యాప్‌టాప్ తరచు నిండిపోతున్నదంటే అది యజమాని అజాగ్రత్త కాకపోవచ్చును, పాత్రయే చిన్నది. ఏ డిస్కులోనైనా ఆరవ వంతు వరకు ఖాళీగా ఉంచుకొనడం మంచిది. పూర్తిగా నిండిన డిస్కుతో యంత్రం మందగిస్తుంది, నవీకరణలు విఫలమవుతాయి, పని చేస్తున్న ఫైలు భద్రం కాకుండా పోతుంది.

ఏది ఎంత బరువు?

యూనికోడ్‌లో సాధారణంగా వాడే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు వర్ణ సంకేతానికి 3 బైట్లు పడతాయి. పుటకు 2,000 సంకేతాలనుకొంటే ఒక పుట 6 కిలోబైట్లు. 300 పుటల నవల రెండు మెగాబైట్లలోపే. చేతిఫోనులో సామాన్యమైన హెచ్.డి. నాణ్యతతో తీసిన ఒక్క నిమిషం వీడియోకు 60 నుండి 130 మెగాబైట్లు పట్టవచ్చును. అనగా ఒక నిమిషపు వీడియో ముప్పై నవలల చోటును మింగుతుంది. చోటు కోసం పాఠ్య ప్రణాళికలను, ఉత్తరాలను, మార్కుల పట్టికలను తుడిచివేయడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే. వెదకవలసింది వీడియోలను, బొమ్మలను, పెద్ద అనువర్తనాలను.

కొలిచే విధానం

సెట్టింగ్స్‌లో సిస్టమ్‌ను, అందులో స్టోరేజ్‌ను తెరిస్తే అనువర్తనాలు, తాత్కాలిక ఫైళ్లు, చిత్రాలు, వీడియోలు, పత్రాలు ఒక్కొక్కటి ఎంత చోటు తీసుకొన్నదీ కనబడుతుంది. ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాను పరిమాణం ప్రకారం వరుసపెడితే, ఎన్నడో ఒక్కసారి వాడి మరచిన ఆటలు, వీడియో ఎడిటర్లు పైకి వస్తాయి. ఈ లెక్కలో "అదర్" అన్న భాగమే పెద్దదిగా ఉంటే విన్‌డిర్‌స్టాట్, ట్రీసైజ్ ఫ్రీ వంటి ఉచిత ఉపకరణాలు తోడ్పడతాయి. ఇవి డిస్కు మొత్తాన్ని గాలించి, ఏ ఫోల్డరు ఎంత పెద్దదో వరుసగా చూపుతాయి. పేరు చూసి ఊహించడం కన్న ఈ పట్టికను చూడడం మేలు.

నిర్భయంగా తీసివేయదగినవి

స్టోరేజ్ పుటలోనే టెంపరరీ ఫైల్స్ అన్న విభాగమున్నది. పాత నవీకరణల అవశేషాలు, తాత్కాలిక ఫైళ్లు, రీసైకిల్ బిన్‌లోని వస్తువులు అక్కడి నుండి తొలగించవచ్చును. ఫైలును డిలీట్ చేసినంత మాత్రాన చోటు ఖాళీ కాదు. అది రీసైకిల్ బిన్‌లో కూర్చొని ఉంటుంది. బిన్‌ను ఖాళీ చేసినప్పుడే చోటు దక్కుతుంది.

పాత విండోస్ నుండి కొత్తదానికి మారినవారికి మునుపటి విండోస్ ప్రతి కొన్ని గిగాబైట్ల చోటును ఆక్రమించి కనబడవచ్చును. మామూలుగా 10 రోజుల వరకు వెనుకటి విండోస్‌కు మరలే అవకాశం ఉంటుంది. దానిని ముందే తొలగిస్తే ఆ దారి మూసుకొంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అన్న పేరు కూడా ఉంటుంది. హాల్‌టికెట్లు, వేతన పత్రాలు, ధ్రువపత్రాలు చాలామందికి ఆ ఫోల్డరులోనే పడి ఉంటాయి. దాని పక్కనున్న గడిలో గుర్తు పెట్టేముందు ఫోల్డరును తెరిచి చూసుకొనవలసి ఉంటుంది.

చేయి పెట్టకూడనివి

విండోస్ ఫోల్డరులో విన్‌ఎస్ఎక్స్ఎస్ అన్నది పెద్దదిగా కనబడుతుంది. ఒకే ఫైలుకు రెండు చోట్ల పేర్లు ఉండడం వలన అది ఉన్నదానికన్న పెద్దదిగా తోస్తుంది. దానిని చేతితో తుడిచివేస్తే విండోస్ లేవకపోవచ్చును. పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ అనే దాగియున్న ఫైళ్లు కూడా అట్టివే: మొదటిది జ్ఞాపకశక్తి చాలనప్పుడు ఆసరా, రెండవది యంత్రం నిద్రించే ముందు తన స్థితిని దాచుకొనే పేటిక. అనువర్తనాలను సైతం వాటి ఫోల్డర్లను చెరిపి గాక, సెట్టింగ్స్‌లోని అన్‌ఇన్‌స్టాల్ ద్వారానే తొలగించాలి.

తీసివేసినా మళ్లీ నిండుతుంటే

ఇదే అసలు చిక్కు. ఎక్కడో నీరు ఊరుతుండగా తోడుతూ కూర్చుంటే గుంట ఎండదు. ఊట ఎక్కడున్నదో కనిపెట్టాలి. దీనికి ఒక నోటు పుస్తకం చాలు. వారం రోజులపాటు ఉదయం, సాయంత్రం ఖాళీ చోటు ఎంతో వ్రాసి ఉంచాలి. ఆ వారం మొదటి రోజున, చివరి రోజున విన్‌డిర్‌స్టాట్ పట్టికను సరిపోల్చితే పెరిగిన ఫోల్డరు దొరికిపోతుంది.

సాధారణంగా దొరికే దోషులు కొన్ని ఉన్నాయి. వాట్సాప్ సమూహాల నుండి తమంతట తామే దిగే వీడియోలు ఒకటి. పూర్వస్థితికి మరలడానికై విండోస్ దాచే రిస్టోర్ పాయింట్లు మరొకటి; సిస్టమ్ ప్రొటెక్షన్‌లో వీటికి గరిష్ఠ పరిమితి విధించవచ్చును. ఎవరూ ఏమీ చేయకుండానే చోటు తరుగుతుంటే, ఏదో అనువర్తనం తన దోషాల చిట్టాను అదేపనిగా వ్రాసుకొంటూ ఉండవచ్చును. అప్పుడు ఆ చిట్టాను తుడవడం తాత్కాలికం; ఆ అనువర్తనాన్ని నవీకరించడమో తొలగించడమో శాశ్వత పరిష్కారం.

వన్‌డ్రైవ్ మూడవ దోషి. ఫోనులోని ఫొటోలు దాని ద్వారా ల్యాప్‌టాప్‌కు దిగుతుంటాయి. ఆ ఫోల్డరుపై మౌసు కుడి మీట నొక్కి "ఫ్రీ అప్ స్పేస్" ఎంచుకొంటే ఫైళ్లు నెట్‌లో నిలిచి, డిస్కులో చోటు ఖాళీ అవుతుంది. "డిలీట్" ఎంచుకొంటే నెట్‌లోని ప్రతి కూడా పోతుంది. ఈ రెండింటి తేడా తెలియక పెళ్లి ఫొటోలను పోగొట్టుకొనే ప్రమాదమున్నది. సొంత ఖాతాలో అలా పోయినవి వన్‌డ్రైవ్ వారి బుట్టలో 30 రోజులు ఉంటాయి. వెంటనే వెదికితే దక్కుతాయి.

పోయినవి తిరిగి రావు

తిరిగే పళ్లెములున్న పాత హార్డ్ డిస్కులలో తుడిచిన ఫైళ్లను నిపుణులు కొన్నిసార్లు వెలికితీయగలిగేవారు. నేటి ల్యాప్‌టాప్‌లలో అధికంగా ఉన్న ఎస్ఎస్‌డీలలో ఆ ఆశ బహు స్వల్పం. ఫైలు తొలగించబడగానే ఆ గడులను శుభ్రపరచవచ్చునని విండోస్ డిస్కుకు తెలియజేస్తుంది. డిస్కు ఆ పనిని తానే చేసుకొంటుంది. ఇక పెన్‌డ్రైవు నుండి తుడిచినది రీసైకిల్ బిన్‌కు వెళ్లనే వెళ్లదు.

సరిహద్దు జిల్లాలలోని ఇళ్లలో, తెలుగు పాఠశాలలలో ఈ మాటకు మరింత విలువ ఉన్నది. ముద్రణ ఆగిపోయిన పాఠ్యపుస్తకాల స్కానులు, తాతల నాటి దస్తావేజుల నకళ్లు, వృద్ధురాలి చేత పాడించి రికార్డు చేసిన దంపుళ్ల పాట వంటివి మరొక చోట దొరికేవి కావు. సినిమాను మళ్లీ దించుకొనవచ్చును. ఆ గొంతును మళ్లీ దించుకొనలేము.

కాబట్టి పెద్ద ఫైళ్లను బయటి డిస్కుకు తరలించేటప్పుడు ముందుగా నకలు చేయాలి. ఆ నకళ్లలో కొన్నింటిని వేరొక కంప్యూటరులో తెరిచి చూడాలి. అపురూపమైనవాటికి రెండవ ప్రతిని మరొక డిస్కులోనో నెట్‌లోనో ఉంచాలి. అటుపిమ్మటనే ల్యాప్‌టాప్ నుండి తొలగించాలి. ఇంత చేసినా చోటు చాలకుంటే పెద్ద ఎస్ఎస్‌డీ అమర్చించుకొనవచ్చును. అయితే చవక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో డిస్కు బోర్డుకే అతికి ఉంటుంది గనుక, కొనే ముందు మెకానిక్కును విచారించడం మంచిది.