లూపును గూర్చిన భయము – సంతాన చికిత్స

"లూపు వేసుకుంటే కడుపు మళ్లీ పండదు" అను మాట హెబ్బగోడిలో మన తెలుగు కుటుంబములున్న వీథులలో తఱచు వినవచ్చుచుండును. చిత్తూరు, అనంతపురము జిల్లాలనుండి కర్మాగారములలో పనికై వచ్చిన యువతులు పెక్కుమంది ఈ భయముచే లూపును నిరాకరించి, రెండవ కాన్పు కాగానే పిల్లల ఆపరేషను చేయించుకొనుచున్నారు. నా శిష్యురాలి తల్లి యొకతె ఇరువదిమూడవ యేట అట్లే చేయించుకొన్నది. కొన్నియేండ్లకు ఆమె కుమారుడు జ్వరముతో మరణించెను. "లూపయితే తీయించుకునేదాన్ని కదా, అయ్యవారూ" అని ఆమె నాతో ననినది. నేను వైద్యుడను గాను, తెలుగు చెప్పు పంతులను. అయినను ఆ మాటయే నన్ను ఈ విషయపరిశీలనకు పురికొల్పినది.

గర్భాశయములో చిన్న వస్తువును అమర్చి గర్భమును నివారించు పద్ధతిని 1920 తరువాతి దశాబ్దములో జర్మనీ వైద్యుడు గ్రాఫెన్‌బర్గ్ ప్రచారములోనికి తెచ్చెను. 1960 ప్రాంతమున అమెరికా వైద్యుడు లిప్పీస్ ప్లాస్టిక్కుతో మెలికలు తిరిగిన లూపును నిర్మించెను. 1965లో భారత ప్రభుత్వము దానిని కుటుంబ నియంత్రణ పథకమున ప్రవేశపెట్టినది. పలుచోట్ల శిబిరములలో త్వరత్వరగా అమర్చుటయే గాని, పిదప రక్తస్రావము, నొప్పి కలిగినవారిని పరామర్శించు ఏర్పాటు చాలలేదు. వదంతులు అచటనే పుట్టినవి. నేడు అమర్చునది ఆ లూపు గాదు, రాగి తీగ చుట్టిన కాపర్ టీ. వస్తువు మారినను పేరు మారలేదు. పేరుతోపాటు పాతభయమును నిలిచినది.

రాగి కణములు శుక్రకణములను నిర్వీర్యము గావించును. అందుచే అండము ఫలదీకరణము చెందదు. అండాశయముల పని యథాప్రకారము జరుగుచునే యుండును. కావున కాపర్ టీని తీసివేసిన పిమ్మట గర్భధారణశక్తి వెంటనే మరలివచ్చును. ఏ చికిత్సయు నక్కఱలేదు.

మఱి భయమునకు ఆధారమే లేదా? కొంత కలదు. 1971లో అమెరికాలో విక్రయమునకు వచ్చిన డాల్కన్ షీల్డు అను సాధనమునకు పెక్కు పోగుల దారముండెడిది. ఆ పోగులగుండ సూక్ష్మజీవులు లోనికి ప్రాకి పలువురి అండవాహికలను చెఱచినవి. 1974లో దాని విక్రయము నిలిపివేయబడెను. నేటి సాధనములకు ఒంటిపోగు దారమే యుండును. 1992లో ప్రకటింపబడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలన ప్రకారము, అమర్చిన మొదటి ఇరువది దినములలోనే అంటు సోకు అపాయము హెచ్చు. తరువాత అది మిక్కిలి స్వల్పము. మెక్సికో నగరమున 1,895 మంది స్త్రీలను పరిశీలించి 2001లో ప్రకటించిన ఫలితము మఱింత స్పష్టము. రాగి సాధనము వాడుటకును వాహికలు మూసికొనిపోవుటకును సంబంధము కానరాలేదు. సంబంధము కానవచ్చినది క్లమిడియా అను సుఖవ్యాధితో. మన దేశమున దీనికి క్షయను గూడ చేర్చవలెను. గర్భాశయమునకును వాహికలకును సోకిన క్షయ జ్వరమైనను దగ్గైనను లేకయే సంతానమును హరింపగలదు. నింద మాత్రము లూపుపై బడుచున్నది.

ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి అరువదిమందికి పైగా శస్త్రచికిత్స చేయించుకొన్నవారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణములు తెలుపుచున్నవి. లూపు వాడువారు నూటికి ఒక్కరైనను లేరు. ఆపరేషనును శాశ్వతమని తలచియే చేయించుకొనవలెను. తెగిన వాహికలను మరల అతుకు చికిత్స కలదు గాని, అది అందఱికిని ఫలింపదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో బిడ్డలను గోల్పోయిన తల్లులకు తమిళనాడు ప్రభుత్వము ఆ చికిత్సను ఉచితముగ చేయించినది. అదియు ఫలింపనిచో మిగిలినది ఐ.వి.ఎఫ్. 1978 జూలై 25న ఇంగ్లండులో జన్మించిన తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు తల్లికి వాహికలు మూసికొనియే యుండెను. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలించి దుర్గ జన్మించినది. వాహికలతో పనిలేకుండుటయే ఈ పద్ధతి విశేషము. కాని దినకూలితో బ్రదుకు కుటుంబమునకు ఆ వ్యయము భరింపరానిది, ఫలమును నిశ్చయము గాదు.

ఇక విచిత్రమైన సంగతి యొకటి. సంతానహరమని నిందింపబడు లూపును సంతానము కొఱకు వైద్యులే అమర్చు సందర్భము గలదు. గర్భాశయమును గీచి శుభ్రపఱచిన పిమ్మటనో, క్షయ సోకినపుడో లోపలి గోడలు ఒండొంటికి అతుకుకొనిపోవుట కద్దు. 1948లో దీనిని విపులముగ వర్ణించిన ఆషర్‌మన్ పేరిట అది ప్రసిద్ధము. గర్భాశయదర్శినితో ఆ అతుకులను విడదీసిన వెనుక, గోడలు మరల కలియకుండుటకై కొందఱు వైద్యులు కొంతకాలము లూపును లోపల నిలిపి, తరువాత తీసివేయుదురు. ఇందుకు లూపు మేలా, చిన్న బెలూను మేలా యను చర్చ వైద్యులలో నున్నది.

కాపర్ టీ అమర్చునపుడు దాని రకమును, తేదీని వ్రాసిన చీటీని అడిగి పుచ్చుకొనవలెను. 380ఏ రకము పదియేండ్లు, 375 రకము అయిదేండ్లు పనిచేయును. ప్రసవమైన వెంటనే అమర్చినదానిని మఱచిపోవువారు గలరు; అట్టివారు "గర్భము నిలుచుట లేదు" అని చికిత్సకు బోయినపుడు ఆ సంగతి ముందుగా వైద్యునితో చెప్పవలెను. దారము కనబడనిచో స్కానింగుతో తెలిసికొనవచ్చును.