తంబురా మోతను నూకలు చేస్తే

తంబురా తీగ ఒక్కసారి మీటండి. మోత కాసేపు నిలిచి సన్నగిల్లిపోతుంది. అదే మోతను శ్రుతి చెడకుండా పదింతల సేపు వినాలంటే ఎలా? టేపు మీద ఎక్కించి నెమ్మదిగా తిప్పితే లాభం లేదు. తీగ సెకనుకు 220 సార్లు కంపిస్తుందనుకుందాం. వేగం పదో వంతుకు తగ్గిస్తే ఆ 220 కాస్తా 22 అవుతుంది. చెవికి అందీ అందని గురగుర మిగులుతుంది. టేపులో వేగానికీ శ్రుతికీ విడదీయరాని ముడి. దాన్ని విప్పిందే గ్రాన్యులర్ పద్ధతి.

శబ్దాన్ని నూకలు చేయడమే అందులోని కిటుకు. ఒక్కో నూక నిడివి 50 మిల్లీసెకన్లు అనుకుంటే, మన తీగ కంపనాలు అందులో 11 పడతాయి. శ్రుతి పోల్చుకోవడానికి చెవికి అవి చాలు. ఇప్పుడు ప్రతి నూకనూ దాని అసలు వేగంతోనే వినిపిస్తూ, రికార్డింగులో ముందుకు జరగడం మాత్రం తాపీగా చేస్తే? శ్రుతి నూక లోపల భద్రంగా ఉంటుంది, నిడివి నూకల వరసలో సాగుతుంది. నాకు ఇంత ముచ్చటైన ఉపాయం ధ్వనిశాస్త్రంలో మరొకటి కనబడలేదు.

కోసిన అంచు దగ్గర టప్‌మనకుండా ప్రతి నూకా నిశ్శబ్దం నుంచి మెల్లగా లేచి మళ్లీ నిశ్శబ్దంలోకి వాలుతుంది. ఒకటి వాలేలోగా మరొకటి లేస్తుంది. రేకుల కప్పు మీద వాన మొదట్లో చినుకు చినుకుగా వినబడి, జోరందుకున్నాక ఒకటే హోరు అవుతుంది కదా, ఇక్కడా అంతే. సెకనుకు సుమారు 20 నూకలు దాటితే చెవి వాటిని విడదీయలేదు. అయితే నూకను మరీ చిన్నది చేయకూడదు. 5 మిల్లీసెకన్లలో మన తీగకు దక్కేది ఒక్క కంపనమే. అప్పుడు శ్రుతి పోయి టిక్కుమనే చప్పుడే మిగులుతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని గణితంలో పెట్టినవాడు డెన్నిస్ గేబర్. హోలోగ్రఫీకి 1971లో నోబెల్ అందుకున్న ఆయనే, 1947లో ‘నేచర్’ పత్రికలో ధ్వనికీ కణాలుంటాయని రాశాడు. సినిమా ప్రొజెక్టర్‌ను మార్చి ప్రయోగాలూ చేశాడు. తర్వాత సంగీతకర్త యానిస్ జెనాకిస్ టేపు ముక్కలు కత్తిరించి అతికించాడు. కెనడాలో బారీ ట్రువాక్స్ 1986లో కంప్యూటర్‌తో అప్పటికప్పుడు నూకలు పుట్టిస్తూ ‘రివర్‌రన్’ కూర్చాడు.

ఇప్పుడు ఆ పనంతా అరచేతిలో పట్టే సింథసైజర్ మాడ్యూల్ చేస్తోంది. ఫ్రాన్స్‌కు చెందిన ఎమిలీ జిలే రూపొందించిన ‘క్లౌడ్స్’ అలాంటిదే. దాని ప్రోగ్రామును ఆమె అందరికీ తెరిచి ఇవ్వడం వల్ల ఎందరో దాన్ని కొత్తగా మలుచుకున్నారు. నూక ఎక్కడినుంచి తీయాలి, ఎంత పొడవు, ఎంత ఒత్తుగా, ఏ శ్రుతిలో అన్నదానికి ఒక్కో నాబ్ ఉంటుంది. ఇలాంటి మాడ్యూళ్లను వైర్లతో కలిపే మాడ్యులర్ సింథసైజర్‌లో చేత్తో తిప్పే పనిని వైరులో వచ్చే వోల్టేజీ కూడా చేస్తుంది. శ్రుతికైతే ఒక్క వోల్టు పెరిగితే స్థాయి ఒకటి పెరుగుతుంది.

తంబురా మోతను లోపలికి పంపి ‘ఫ్రీజ్’ బొత్తాం నొక్కండి. చిక్కిన ఆ కొద్ది సెకన్లలోనే నూకలు తీసే చోటును, నిమిషానికోసారి పెరిగి తరిగే వోల్టేజీతో కదలనివ్వండి. నూకలు గడియారంలా సమంగా పడితే వాటి లయే ఒక జుమ్మనే స్వరమై అడ్డొస్తుంది. అందుకే వాటి మధ్య ఎడాన్ని కాస్త చెదరగొట్టాలి. అప్పుడు జుమ్మనడం కరిగిపోయి, మీటు వినబడని తీగ ఒకటి గదంతా నిలిచి మోగుతుంది.