ఏకగ్రీవంలో వంగిన మెడ ఎవరిది?

గ్రీవమంటే మెడ. అందరిదీ ఒకే కంఠమైతే దాన్ని ఏకగ్రీవం అంటున్నాం. పత్రికల్లో ఆ మాట ఐక్యతకు, సామరస్యానికి మారుపేరుగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ మాట వినగానే వంగిన మెడ ఒకటి గుర్తుకొస్తుంది. అది మా నాయనది.

మాది పుత్తూరుకు దగ్గరలోని ఒక పల్లె. నాటి చిత్తూరు జిల్లా, నేటి తిరుపతి జిల్లా. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు స్థానాలు కేటాయించడం తప్పనిసరి అయింది. 1995 పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచి పదవి ఎస్సీలకు వచ్చింది. ఆ సాయంత్రమే వేపచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. ఒక పెద్ద రైతు ఇంట్లో జీతానికున్న మనిషి పేరు ఖాయం చేసి లేచారు. దళితవాడలో ఎవరినీ అడగలేదు. ఎంపికైన మనిషిని కూడా అడిగినట్టు లేదు.

నాయన మరునాడు వెళ్లి నామినేషన్ వేసి వచ్చాడు. పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పదవి మనదంటున్నప్పుడు మనిషిని మనమే ఎంచుకోవాలి కదా అన్నాడు, అంతే. నాయనను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజుల్లో మామిడితోట కాపలా పని పోయింది. కౌలుకు చేసుకుంటున్న అర ఎకరా వేరుశనగకు పక్క మోటారు నుంచి వచ్చే నీళ్లు ఆగిపోయాయి. కలుపు తీయడానికి వెళ్లిన అమ్మను గట్టు మీద నుంచే వెనక్కి పంపారు. అంగట్లో అప్పు పుట్టలేదు. ఉపసంహరణ గడువు ముగిసేలోగా నాయన వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. మా పంచాయతీ ఏకగ్రీవమైంది.

నాకప్పుడు పదిహేనేళ్లు. పదో తరగతి పూర్తిచేసి పుత్తూరులో ఇంటర్‌లో చేరబోతున్నాను. ఎందుకు తలవంచావని నాయనను నిలదీశాను. “నిన్ను కాలేజీలో చేర్చేదానికి దుడ్లు యాడినించి వస్తాయిరా?” అన్నాడు. ఆ మాటకు జవాబు లేక కొన్ని నెలలు ఆయనతో మాట్లాడడం మానేశాను. విరిగిన ఎముకకు వేసే కట్టుకు పేరుపడ్డ ప్రాంతం మాది. ఎక్కడెక్కడి నుంచో జనం పుత్తూరు కట్టు కోసం వస్తారు. ఆ వారం మా నాయనకు విరిగిన దానికి మాత్రం ఆ కట్టు పనికొచ్చేది కాదు.

స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు మన మేధావులు 1975 జూన్ 25ను తప్పక తలచుకుంటారు. తలచుకోవలసిందే. ఆ అత్యవసర పరిస్థితికి ఒక ఆరంభం ఉంది, 1977 మార్చిలో ఒక ముగింపూ ఉంది. కాదన్నవాడికి కూలి, నీళ్లు, అప్పు, దారి బంద్ చేసే పరిస్థితికి మాత్రం ఏ రాజపత్రంలోనూ ప్రకటన ఉండదు, ఎత్తివేతా ఉండదు. రాజ్యం నోరు నొక్కడానికి ఒక ఉత్తర్వు కావాలి. ఊరికి ఉత్తర్వు అక్కర్లేదు. వేపచెట్టు కింద ఒక తల ఊపితే చాలు.

ఈ సంగతిని అంబేడ్కర్ ముందే గ్రహించారు. 1947లో రాజ్యాంగ సభకు సమర్పించడానికి రూపొందించిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ పత్రంలో సాంఘిక బహిష్కరణను నేరంగా నిర్వచించి శిక్షించాలని ప్రతిపాదించారు. బతుకుతెరువు కోసం మరొకరిపై ఆధారపడిన మనిషి తన హక్కులను తాకట్టు పెట్టక తప్పదని, అందుకే ఆర్థిక వ్యవస్థ స్వరూపాన్ని కూడా రాజ్యాంగమే నిర్ణయించాలని వాదించారు. ఆ ప్రతిపాదనలు రాజ్యాంగంలో ఆ రూపంలో చోటు చేసుకోలేదు. అంతకు పదిహేనేళ్ల ముందు, 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందంపై సంతకం చేయవలసి వచ్చినప్పుడు ఆయన ముందున్నదీ ఇదే ప్రశ్న. స్థానం మనదైనంత మాత్రాన సరిపోతుందా, ఆ స్థానంలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించే శక్తి ఎవరిది?

మా జిల్లా సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడ మదురై జిల్లా మేలవళవులో రిజర్వుడు పంచాయతీకి అధ్యక్షుడైన మురుగేశన్‌ను, ఆయనతో ఉన్నవారిని 1997 జూన్ 30న నరికి చంపారు. అదే జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టి వంటి రిజర్వుడు పంచాయతీల్లో ఆధిపత్య కులాల ప్రతిఘటన వల్ల సుమారు పదేళ్లపాటు, 2006 దాకా, సరైన ఎన్నిక జరగనేలేదు. మన పల్లెల్లో పని ఇంత రక్తం చిందకుండానే అయిపోతున్నది గనుక మనం దాన్ని సామరస్యమని పిలుచుకుంటున్నాం.

పైగా ప్రభుత్వాలు దానికి బహుమతి కట్టాయి. 2021 ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ఉంది. ఆ ఎన్నికల తొలి దశలో చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు అసాధారణంగా పెరగడంతో రాష్ట్ర ఎన్నికల సంఘం నివేదికలు వచ్చేదాకా ఫలితాల ప్రకటనను ఆపింది, తరువాత అనుమతించింది. ఆనాటి వాదోపవాదాలన్నీ పార్టీల చుట్టూ తిరిగాయి. రిజర్వుడు పంచాయతీలో ఉపసంహరణ పత్రంపై సంతకం చేసిన చేయి ఎవరిది, ఆ చేతికి మరునాడు కూలి ఎవరివ్వాలి అన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు.

ఏకగ్రీవాలను సమర్థించేవారి మాటలోనూ కొంత నిజముంది. ముఠా కక్షలతో చితికిపోయిన రాయలసీమలో పోటీ లేని ఎన్నిక ప్రాణాలు నిలబెట్టిన సందర్భాలు ఉండవచ్చు. ఖర్చూ తగ్గుతుంది. అందరూ కూర్చుని, అందరినీ అడిగి, ఒక మాట మీదికి వస్తే కాదనేదెవరు? అయితే కాదనగలిగే చోట అవునంటేనే అది సమ్మతి. పై అభ్యర్థులెవరూ నచ్చలేదని చెప్పే హక్కును సుప్రీంకోర్టు 2013లో గుర్తించింది. అభ్యర్థి ఒక్కరే మిగిలితే పోలింగే ఉండదు, ఆ మీట నొక్కే అవకాశమూ ఉండదు.

చట్టం లేదని చెప్పడానికి వీల్లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దళితులను, ఆదివాసులను నామినేషన్ వేయకుండా బెదిరించడం, వేసినదాన్ని బలవంతంగా వెనక్కి తీయించడం, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం ఇప్పుడు స్పష్టమైన నేరాలు. కానీ బెదిరింపుకు సాక్ష్యం చెప్పవలసినవాడు కూడా రేపు అదే మోటారు నీళ్లకు వెళ్లాలి.

ఇంతవరకు ఊరి గురించి రాశాను. నా గురించి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. కొన్నేళ్ల కిందట నేను సభ్యుడిగా ఉన్న ఒక విద్యాసంస్థ సమావేశంలో, విద్యార్థులు జరుపుకోదలచిన సభకు అనుమతి నిరాకరించే తీర్మానం వచ్చింది. అది అన్యాయమని నాకు తెలుసు. చేయి ఎత్తలేదు. మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రాశారు. నా సంతకమూ ఉంది. ఎండాకాలం మా ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతాలు జరుగుతాయి. కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలంతా మౌనం దాల్చితే కౌరవులలోనే పుట్టిన వికర్ణుడు లేచి అన్యాయమన్నాడని చిన్నప్పుడే విన్నాను. విన్నదొకటి, చేసిందొకటి. మా నాయన మౌనం వెనుక నా చదువుంది. నెలనెలా జీతం, ఉద్యోగ భద్రత ఉన్న నా మౌనం వెనుక ఏముంది? పదోన్నతి మీద ఆశ తప్ప మరేమీ లేదు.

కాబట్టి అడగవలసినవి రెండు రకాలు. ప్రభుత్వాన్ని అడగవలసినవి: రిజర్వుడు పంచాయతీల్లోనైనా ఏకగ్రీవ ప్రోత్సాహకాలను రద్దుచేయాలి. నామినేషన్ ఉపసంహరించుకునే ప్రతి దళిత, ఆదివాసీ అభ్యర్థితో ఎన్నికల అధికారి ఒంటరిగా మాట్లాడి, కారణాన్ని నమోదు చేయాలి. సాగుభూమి, నీరు, పనిదినాలు ఊరి పెద్ద దయ మీద ఆధారపడకుండా చూడాలి. భూమి ప్రశ్నను పక్కనపెట్టి భావప్రకటనా స్వేచ్ఛ గురించి మాట్లాడడం వేరు లేని చెట్టుకు నీళ్లు పోయడమే. ఇక మనల్ని మనం అడగవలసినది: రిజర్వేషన్ వల్ల నాలుగు గోడల ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లం, కాదనడానికి మన తల్లిదండ్రులకు లేని వెసులుబాటును దేనికి వాడుకుంటున్నాం?

2021లో మా ఊళ్లో పోటీ జరిగింది. నాయన కర్ర పట్టుకుని వెళ్లి ఓటేసి వచ్చాడు. ఎవరికి వేశావని అడిగాను. చెప్పలేదు. అది చెప్పకుండా ఉండగలగడం ఆయనకు కొత్త. ఆ వీలు నామినేషన్ వేసేవాడికీ, సభలో చేయెత్తేవాడికీ దక్కేదాకా ఏకగ్రీవమన్న మాటను నేను అనుమానంగానే చూస్తాను.